తేటపడిన నీరంతా శుద్ధమైనదేనా?

మా చిన్నతనంలో వర్షాలు మొదలయ్యాయంటే కృష్ణా కాలువ నీరు ఎర్రబారేది. ఊరందరికీ ఆ కాలువే ఆధారం. అటువంటి రోజులలో మా దాదీమా వంటింటి గూటిలో దాచిన డబ్బీ నుండి ఒక చిల్లగింజను తీసేవారు. చొక్కా గుండీ వలె గుండ్రంగా ఉండే ఆ గింజను తడిపి, ఖాళీ కడవ లోపలి గోడకు కొంతసేపు అరగదీసి, ఆపైన కాలువ నీరు పోసి, వాసెన కట్టి ఒక ప్రక్కన కదలకుండా ఉంచేవారు. జుహ్ర్ నమాజు వేళ పోసిన నీరు అస్ర్ వేళకు తేటపడేది. కడవ అడుగున ఎర్రమట్టి పొరగా నిలిచేది. పైనున్న నీటిని మెల్లగా వంచుకొని వాడుకునేవాళ్ళం.

అయితే ఆమె మరొక పని కూడా చేసేవారు. ఇంట్లో పసిపిల్లలకూ, జ్వరం పడి లేచిన వారికీ ఆ తేట నీటిని సైతం కాచి చల్లార్చి ఇచ్చేవారు. అద్దంలా మెరుస్తున్న నీటిని మళ్ళీ కాచడం ఎందుకని నేనడిగితే, "మట్టి పోయింది బేటా, తక్కినది పోయిందో లేదో నాకేం తెలుసు?" అనేవారు. ఆమె బడికి వెళ్ళినవారు కారు. ఆ ప్రశ్నకు పూర్తి సమాధానం నాకు చాలా ఏళ్ళ తరువాత గాని దొరకలేదు.

ఈ మధ్య ఆ ప్రశ్న మళ్ళీ మళ్ళీ గుర్తుకొస్తున్నది. మునగ గింజలు మురుగునీటిని మంచినీటిగా మారుస్తాయని, అరటి తొక్క సీసాన్ని లాగేస్తుందని, గుర్రపుడెక్క వేళ్ళు విషాన్ని పీల్చేస్తాయని పత్రికలలోనూ, ఫోన్లలోనూ వార్తలు వస్తున్నాయి. ఇవి కట్టుకథలు కావు. ఒక్కొక్కదాని వెనుక పరిశోధన ఉన్నది. కాని సగం మాటే చెప్పి ఊరుకుంటున్నారు. నీటిలో నుండి తీసిన మాలిన్యం ఏమైంది? తీయకుండా మిగిలినది ఏమిటి? ఈ రెండు ప్రశ్నలు అడగకుండా ఇంటిలో గాని, మస్జిద్‌లో గాని ఈ పద్ధతులను మొదలుపెట్టడం శ్రేయస్కరం కాదు.

నైలు నది స్త్రీల విద్య

మునగ చెట్టు పుట్టినిల్లు మన దేశమే, హిమాలయ పాద ప్రాంతం. కాని దాని గింజతో నీటిని తేర్చే విద్యను లోకానికి వివరంగా చెప్పినది సూడాన్ స్త్రీలు. వరద కాలంలో నైలు నది మట్టిని మోసుకువస్తుంది. ఆ నీటిని ఇంటికి తెచ్చుకున్న స్త్రీలు మునగ పప్పును నూరి, నీటిలో కలిపి తేటపరుచుకునేవారు. ఆ చెట్టును వారు అరబీ భాషలో 'షజరతుర్ రవాఖ్' అని పిలుచుకున్నారు. తేటపరిచే చెట్టు అని అర్థం. జర్మన్ పరిశోధకురాలు సామియా అల్ అజ్‌హరియా యాన్ 1970వ దశకం నుండి ఆ గ్రామాలలో తిరిగి, స్త్రీలు ఏ గింజను ఎంత వాడుతున్నారో, ఎంతసేపు కలుపుతున్నారో గమనించి, ప్రయోగశాలలో పరీక్షించి గ్రంథస్థం చేశారు. ఇళ్ళలో తల్లి నుండి కూతురికి అందిన విద్య ఆ విధంగా శాస్త్రగ్రంథాలలోకి ప్రవేశించింది. మన చిల్లగింజకు ఆ అదృష్టం అంతగా పట్టలేదు. సంస్కృతంలో కతకమని పేరుపొంది, సుశ్రుత సంహిత కాలం నాటికే ప్రసిద్ధమైన గింజ అది. నేడు మన పిల్లలలో ఎందరు దానిని గుర్తుపట్టగలరు?

మునగ గింజ చేసే పని చమత్కారమేమీ కాదు. వరద నీటిలో తేలియాడే సన్నని బంకమట్టి రేణువుల మీద ఋణ విద్యుదావేశం ఉంటుంది. అన్నిటిదీ ఒకే ఆవేశం కనుక అవి ఒకదానినొకటి నెట్టుకుంటూ, అడుగుకు దిగకుండా రోజుల తరబడి తేలుతూనే ఉంటాయి. మునగ పప్పులో నీటిలో కరిగే చిన్న ప్రోటీన్లు ఉన్నాయి. వాటిది ధనావేశం. అవి మట్టి రేణువులకు అంటుకొని వాటి మధ్య నున్న వికర్షణను తొలగిస్తాయి. రేణువులు గుంపులుగా పేరుకొని, బరువెక్కి అడుగుకు చేరుకుంటాయి. పటిక చేసేది కూడా ఇటువంటి పనే. తేడా ఏమిటంటే పటిక నీటి ఆమ్లత్వాన్ని పెంచుతుంది, మునగ దానిని దాదాపుగా మార్చదు.

ఇది కడవకే పరిమితమైన విద్య కూడా కాదు. మలావీ దేశంలోని థ్యోలో పట్టణపు నీటి శుద్ధి కేంద్రంలో ఇంగ్లండులోని లెస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పటికకు బదులు మునగ గింజను వాడి చూశారు. ఫలితం పటికకు తీసిపోలేదు. పైగా గింజల నుండి నూనె పిండుకున్న తరువాత మిగిలే తెలికపిండిలో కూడా ఈ శక్తి అలాగే ఉంటుంది. నూనెకు నూనె, శుద్ధికి పిండి.

ఇంటిలో చేసి చూడదలచిన సోదరీమణుల కోసం పద్ధతిని క్లుప్తంగా చెబుతాను. చెట్టుమీదనే ఎండి గోధుమరంగుకు తిరిగిన కాయల గింజలే పనికివస్తాయి. కూరకు కోసే పచ్చికాయల గింజలలో ఆ శక్తి ఉండదు. పై పొట్టు తీసి, లోపలి తెల్లని పప్పును మెత్తగా దంచాలి. ఒక మోస్తరు బురద నీటికి లీటరుకు ఒక గింజ, బాగా చిక్కని నీటికి రెండు సరిపోతాయి. ఆ పొడిని కొద్ది మంచినీటిలో కలిపి, గుడ్డలో వడకట్టి, ఆ పాల వంటి నీటిని బురద నీటిలో పోయాలి. మొదట ఒక నిమిషం వేగంగా, ఆపై పది నిమిషాలు మెల్లగా త్రిప్పి, గంట, రెండు గంటలు కదపకుండా ఉంచితే చాలు. చిల్లగింజ విషయంలో మాత్రం ఒక జాగ్రత్త అవసరం. అది ముష్టి చెట్టు వర్గానికి చెందినది. ముష్టి గింజ ప్రాణాంతకమైన విషం. రెండూ గుండీల ఆకారంలోనే ఉంటాయి. గుర్తుపట్టగల పెద్దలు చూపించనిదే ఎవరో ఇచ్చిన గింజను నీటిలో వేయరాదు.

ఇప్పుడు మా దాదీమా ప్రశ్నకు వద్దాం. మట్టితో పాటు సూక్ష్మక్రిములు కూడా చాలావరకు అడుగుకు దిగుతాయి. నూటికి 90 నుండి 99 దాకా తగ్గుతాయని పరీక్షలు తేల్చాయి. వినడానికి ఇది గొప్ప సంఖ్యే. కాని మురుగు కలిసిన నీటిలో క్రిములు లక్షలలో ఉంటాయి. లక్షలో ఒక వంతు తక్కువగా నూరు వంతులు పోయినా, మిగిలినవి వేయి. అదీగాక దిగినవి చచ్చినవి కావు, అడుగున బ్రతికే ఉంటాయి. గింజ నుండి నీటిలో కరిగిన పదార్థం వాటికి ఆహారమవుతుంది. అందువల్ల ఆ నీటిని ఒక రోజుకు మించి నిలువ ఉంచితే క్రిములు మళ్ళీ పెరుగుతాయి. కడవను కదపకుండా వంచుకోవడం, కాచి త్రాగడం, ఏ రోజు నీరు ఆ రోజే వాడుకోవడం అనే ఆమె మూడు అలవాట్లలో ఏ ఒక్కటి లోపించినా చిల్లగింజ ఒంటరిగా మమ్మల్ని కాపాడేది కాదు.

కంటికి కనిపించని విషం

మట్టి కనిపిస్తుంది కనుక భయపడతాం. అసలు చిక్కు కనిపించని దానితోనే. బంగ్లాదేశ్ కథ ఇందుకు తార్కాణం. చెరువుల, కుంటల నీరు త్రాగి పసిబిడ్డలు విరేచనాలతో మరణిస్తున్నారని అక్కడ 1970వ దశకం నుండి లక్షల సంఖ్యలో గొట్టపు బావులు వేశారు. నీరు చల్లగా, స్వచ్ఛంగా వచ్చింది. ప్రజలు అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. 1990వ దశకంలో తెలిసింది, భూమి పొరలలో సహజంగా ఉన్న ఆర్సెనిక్ ఆ నీటిలో కరిగి వస్తున్నదని. దానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. ఏళ్ళ తరబడి త్రాగిన వారికి అరచేతులలో గట్టి పొలుసులు, చర్మంపై మచ్చలు, చివరకు క్యాన్సర్. మూడున్నర కోట్ల నుండి 7 కోట్ల 70 లక్షల మంది దాకా ప్రమాదంలో ఉన్నారని 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అంచనా వెలువడింది.

అదే బంగ్లాదేశ్ చెరువులను గుర్రపుడెక్క కప్పివేసి ఉంటుంది. మన చెరువులలోనూ అంతే. ఇంగ్లండులోని డి మాంట్‌ఫర్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ మొక్క వేళ్ళను ఎండబెట్టి, పొడి చేసి ఆర్సెనిక్ కలిపిన నీటిలో వేసి చూశారు. లీటరుకు 200 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ ఉన్న నీటి నుండి ఒక గంటలో 90 శాతానికి మించి తొలగిపోయిందని 2005లో ప్రకటించారు. ఎవరికీ పనికిరానిదని తిట్టుకునే మొక్కలో ఇంతటి గుణం ఉండడం ఆశ్చర్యమే.

ఇక్కడ జరిగే పని మునగ చేసే పని వంటిది కాదు. కరిగిన పదార్థం మట్టిలా పేరుకొని దిగదు. వేళ్ళ పొడి, అరటి తొక్క, వరి ఊక, వేరుశనగ పొట్టు మొదలైన వాటి ఉపరితలం మీద లోహపు అయానులను పట్టి ఉంచే రసాయన స్థానాలు ఉంటాయి. లోహం వచ్చి అక్కడ అంటుకుంటుంది. పాఠ్యపుస్తకాలలో దీనిని అధిశోషణం అంటారు. కొబ్బరి చిప్పను గాలి తగలకుండా కాల్చి, ఆవిరితో ఉత్తేజపరచిన బొగ్గు కూడా ఇదే విధంగా రంగులను, వాసనలను లాగుకుంటుంది. ఇళ్ళలో గోడకు తగిలించుకునే నీటి శుద్ధి యంత్రాలు అనేకం ఆ బొగ్గునే నమ్ముకొని ఉన్నాయి.

కాని స్థానాలు నిండిపోయిన తరువాత? ఆ పొడి ఇక పట్టుకోదు. పట్టుకున్న విషం ఎక్కడికీ పోలేదు, పొడిలోనే కూర్చుని ఉన్నది. దానిని పెరటిలో పారబోస్తే వానకు మళ్ళీ నేలలోకి దిగుతుంది. బ్రెజిల్ పరిశోధకులు 2011లో అరటి తొక్క పొడి నది నీటి నుండి రాగిని, సీసాన్ని తొలగించిందని చూపారు. ఆ పొడిని కడిగి పలుమార్లు వాడవచ్చునని కూడా అన్నారు. మంచిదే. అయితే కడిగిన నీటిలో ఉన్నది ఏమిటి? అదే రాగి, అదే సీసం, మరింత చిక్కగా. ప్రయోగశాలలో ఆ సీసాకు చీటీ అంటించి జాగ్రత్త చేసేవారు ఉంటారు. మన వీధిలో ఎవరున్నారు?

ఈ మాట తోళ్ళ శుద్ధి విషయంలో మన సమాజానికి మరింత దగ్గరగా తగులుతుంది. తమిళనాడులోని ఆంబూరు, వాణియంబాడి, పేర్ణంబట్టు పట్టణాలలో ఈ వృత్తి తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతిలో ఉన్నది. మన చిత్తూరు జిల్లా మీదుగా పోయే పాలారు నదే ఆ ప్రాంతానికి జీవనాధారం. పూర్వం అక్కడ తంగేడు చెక్కతో, కరక్కాయతో తోళ్ళను శుద్ధి చేసేవారు. తరువాత క్రోమియం లవణాల పద్ధతి వచ్చింది. పని వారాల నుండి గంటలకు తగ్గింది. కాని సాధారణ పద్ధతిలో వేసిన క్రోమియంలో 30, 40 శాతం తోలుకు పట్టక నీటితోపాటే బయటికి పోతుంది. ఆ నీరు పాలారు పరీవాహకంలోని బావులను, పొలాలను చెరిచింది. ఊరివారి వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 1996 ఆగస్టులో, కాలుష్యం చేసినవారే నష్టపరిహారం చెల్లించాలని తీర్పు చెప్పింది.

తంగేడు చెక్క, తుమ్మ బెరడు వంటి వాటిలో ఉండే టానిన్లకు లోహాలను పట్టుకునే గుణం ఉంది. క్రోమియం నీటిని వాటితోనే శుద్ధి చేయవచ్చునని ప్రయోగాలు జరుగుతున్నాయి. తోలును శుద్ధి చేసిన చెట్టే దాని మురుగును కూడా శుద్ధి చేయడం వినసొంపుగా ఉంటుంది. అయితే పాత చెక్క పద్ధతి నీరు నిర్దోషమైనదని భ్రమపడనక్కరలేదు. ముదురు రంగుతో, త్వరగా కుళ్ళి పోని పదార్థంతో నిండిన ఆ నీరు కూడా వాగులోని ప్రాణవాయువును హరిస్తుంది. చెట్టు నుండి వచ్చినదంతా మేలు చేసేదేనన్న నమ్మకం నాకు లేదు.

మా మస్జిద్ వెనుక గుంట

ఇక మా వీధి సంగతి. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో వుజూ చేసేవారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. అంటే సుమారు ముప్పావు లీటరు, కొందరి లెక్కలో మరికొంచెం ఎక్కువ. ఒకరోజు నేను కొళాయి క్రింద బకెట్టు పెట్టి వుజూ చేసి కొలిచాను. ఆరు లీటర్లు దాటింది. సిగ్గుపడ్డాను. ఐదు పూటల ఆ నీరంతా మస్జిద్ వెనుక సందులోకి పోయి, ప్రక్కింటివారి ప్రహరీ వద్ద నిలిచేది. గోడ చెమ్మగిల్లింది, దోమలు పెరిగాయి. వారు ముస్లిములు కారు. రెండేళ్ళు ఓపిక పట్టి, ఒకనాడు వచ్చి మర్యాదగానే అడిగారు. పొరుగువారి హక్కు మీద జుమా ప్రసంగాలు విన్న మాకు బదులు చెప్పడానికి మాట దొరకలేదు.

కమిటీ వారు కూర్చొని ఆలోచించారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ గ్రామాల వాడుక నీటిని మొక్కల మడుగుల ద్వారా శుద్ధి చేయించిందని మాలో ఒకరికి తెలుసు. పది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతున గుంట తవ్వించి, అడుగున ప్లాస్టిక్ పట్టా పరచి, పెద్ద కంకర, చిన్న కంకర, ముతక ఇసుక పోయించాం. పైన మెట్టతామర దుంపలు నాటాం. నీరు ఒక చివర ప్రవేశించి, కంకర మధ్యగా మెల్లగా నడిచి, రెండవ చివర గొట్టం ద్వారా బయటికి వస్తుంది. నీటిమట్టం ఎప్పుడూ కంకరకు నాలుగంగుళాలు దిగువనే ఉంటుంది కనుక దోమకు గ్రుడ్లు పెట్టే చోటు లేదు.

ఇందులో అధికభాగం పని మొక్కది కాదని చాలామందికి తెలియదు. సబ్బును, మురికిని కుళ్ళబెట్టి జీర్ణం చేసేది కంకరను, వేళ్ళను అంటిపెట్టుకున్న సూక్ష్మజీవులు. మెట్టతామర వేళ్ళు వాటికి నివాసమిస్తాయి, కొంత ప్రాణవాయువును అందిస్తాయి, నత్రజనిలో, భాస్వరంలో కొంత భాగాన్ని ఆకులుగా మార్చుకుంటాయి. మొక్క గృహిణి వంటిది అనుకోండి. పేరు ఎవరిదైనా ఇల్లు నిలబెట్టేది ఆమే.

మొదటి ఆరు నెలలూ మాకు ఓటమే. గుంట నుండి దుర్వాసన వచ్చింది. తవ్వి చూస్తే మేస్త్రీ మరుగుదొడ్డి గొట్టాన్ని కూడా పొరపాటున దానికే కలిపాడు. విడదీశాం. ఆపై వెంట్రుకలు, జమాఖానాల దారపు పోగులు చేరి ప్రవేశమార్గం పూడుకుపోయింది. దానికి ముందు ఒక చిన్న తొట్టి కట్టి, జాలీ బిగించాం. ఆ జాలీని వారానికి ఒకసారి కడగాలి. ఆ బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించిన నాటి నుండే గుంట సరిగ్గా నడిచింది.

నీరు తేటగా రావడం చూసి యువకులు ఉత్సాహపడ్డారు. "హజ్రత్, ఈ నీటితో మళ్ళీ వుజూ చేయవచ్చునా?" అని ఇమామ్ సాహెబ్‌ను అడిగారు. ఆయన వెంటనే అవునని గాని, కాదని గాని అనలేదు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం వుజూ చేసిన నీరు పరిశుద్ధమే గాని దానితో మరల వుజూ చెల్లదు, చెట్లకు పోయడానికి అభ్యంతరం లేదు అన్నారు. ఇక శుద్ధి చేసిన మురుగునీటి విషయమై సౌదీ అరేబియా సీనియర్ ఉలమా మండలి 1978లో చేసిన నిర్ణయాన్ని కూడా వివరించారు. నిపుణుల పద్ధతులలో పూర్తిగా శుద్ధియై, రంగులో, రుచిలో, వాసనలో మాలిన్యపు జాడ ఏమాత్రం మిగలనప్పుడు ఆ నీరు శుద్ధమైనదే. అయితే ఆరోగ్యానికి హాని ఉంటే త్రాగడానికి వాడరాదని అదే నిర్ణయంలో ఉన్నది. "రంగు, వాసన మీరు చూశారు. తక్కిన పరీక్ష ఎవరు చేయించారు?" అని ఆయన అడిగారు. ఎవరూ చేయించలేదు. ఒమాన్‌లోని సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం వారు మస్కట్ వద్ద ఒక మస్జిద్‌లో వుజూ నీటిని శుద్ధి చేసే యంత్రాంగాన్ని నిర్మించి, పరీక్షలు జరిపినప్పుడు కూడా ఆ నీటిని తోటకే ఉద్దేశించారు. మేమూ అదే నిశ్చయించుకున్నాం. ఇప్పుడు ఆ నీరు ఆవరణలోని నాలుగు కొబ్బరి చెట్లకూ, ప్రక్కింటివారి సమ్మతితో వారి మందార పాదులకూ పోతున్నది. గోడ ఆరింది.

ఏటా రెండుసార్లు మెట్టతామరను కోస్తాం. కోసిన ఆకులను కొబ్బరి మొదళ్ళలో కప్పుతాం. తొట్టిలో పేరిన బురదను ఎండబెట్టి అక్కడే వేస్తాం. వుజూ నీటిలో ఉండేది దుమ్ము, చెమట, కొద్దిపాటి సబ్బు మాత్రమే కనుక ఆ ధైర్యం.

మొన్న రమజాన్‌కు ముందు, వీధి మొదట్లో బ్యాటరీలు బాగుచేసే భాయ్ ఒకరు కమిటీ వద్దకు వచ్చారు. కడిగిన నీరు కాలువలో పోస్తుంటే మున్సిపాలిటీ వారు అభ్యంతరం పెడుతున్నారట. "మీ మొక్కలు అన్నీ పీల్చుకుంటాయి కదా, నా గొట్టం కూడా కలుపుకోండి, ఖర్చు నేనిస్తాను" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అడిగారు. ఆ నీటిలో ఆమ్లం ఉన్నది, సీసం ఉన్నది. ఆమ్లం కంకరలోని జీవులను చంపుతుంది. సీసం కొంత వేళ్ళలో, కొంత బురదలో చేరుతుంది. ఆ బురద మా కొబ్బరి చెట్ల మొదళ్ళలోకి పోతుంది. కుదరదని చెప్పాం. పాత బ్యాటరీలను, వాటి ద్రవాన్ని అనుమతి ఉన్న కంపెనీకే అప్పగించాలి గాని షాపులో విప్పరాదని నిబంధనలు ఉన్నాయని కూడా చెప్పాం. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. ఆ కంపెనీ వ్యాను మా ఊరికి రాదట. కమిటీ కార్యదర్శి జిల్లా కేంద్రానికి రెండుసార్లు ఫోను చేశారు. షాపు వెనుక నీలిరంగు డ్రమ్ము ఒకటి నిండుతున్నది. దాని మీద మూత ఉన్నదా లేదా అని రోజూ ఫజ్ర్‌కు వెళ్తూ చూస్తున్నాను.